రేకు ముందు, పుట్టీ తరువాత: గోదావరి డెల్టాలో బాడీ రిపేరు పని నేర్చుకునే విధానం

కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి వెంట తిరిగే బండ్లను కాస్త వంగి చూస్తే, వాటి తలుపుల అడుగు అంచులూ చక్రాల పైకప్పులూ తుప్పుతో పొక్కిపోయి కనిపిస్తాయి. సముద్రపు ఉప్పుగాలి, రొయ్యల చెరువుల నీరు, చేపల పెట్టెల నుంచి రోజంతా కారే ఐసునీరు, వానాకాలంలో పుంత రోడ్ల బురద, ఇవన్నీ కలిసి ఇక్కడి రేకును తినేస్తాయి. మా షెడ్డుకు వచ్చే బండ్లలో గుద్దుకుని సొట్టపడినవాటికంటే తుప్పు పట్టినవే ఎక్కువ. కాబట్టి డెల్టాలో బాడీ రిపేరు నేర్చుకోదలచిన యువకుడు సొట్ట తీయడం ఒక్కటే పని అనుకోకూడదు. ఇనుమూ తేమా ఎలా ప్రవర్తిస్తాయో తెలుసుకోవడానికే శిక్షణ కాలంలో ఎక్కువ భాగం వినియోగించుకోవాలి.

ఏ ట్రేడులో చేరాలి

పారిశ్రామిక శిక్షణా సంస్థలలో, అంటే ఐటీఐలలో, ఈ పనికి నేరుగా సంబంధించిన ట్రేడు పేరు మెకానిక్ ఆటో బాడీ రిపేర్. ఇది ఏడాది కోర్సు, పదో తరగతి ఉత్తీర్ణులైనవారి కోసం. రంగు పనికి మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ అనే వేరే ట్రేడు ఉంది. అయితే ఈ రెండూ ప్రతి ఐటీఐలోనూ ఉండవు. అందుబాటులో లేనప్పుడు చాలామంది మోటారు వెహికల్ మెకానిక్ కోర్సులో చేరిపోతారు. అది రెండేళ్ల మంచి కోర్సే గాని, అందులో ఎక్కువ భాగం ఇంజనూ గేరుబాక్సూ బ్రేకుల పనే. నన్నడిగితే, బాడీ పని మీద మనసున్నవారు వెల్డరు ట్రేడులో గాని షీట్ మెటల్ వర్కరు ట్రేడులో గాని చేరడం మేలు. రెండూ ఏడాది కోర్సులే. వెల్డరు ట్రేడుకు ఎనిమిదో తరగతి చదువు సరిపోతుంది. ఆ ఏడాది పూర్తయిన తరువాత 1961 నాటి అప్రెంటిసు చట్టం కింద ఏదైనా బాడీ షాపులో అప్రెంటిసుగా చేరితే, స్టైపెండు తీసుకుంటూనే మిగిలిన పని నేర్చుకోవచ్చు.

దరఖాస్తు చేసే ముందు ఒక్కసారి సంస్థకు స్వయంగా వెళ్లి వర్క్‌షాపు చూడాలి. కొత్తగా మెరిసే యంత్రాలు ఉన్నాయా అన్నది అంత ముఖ్యం కాదు. విద్యార్థులు కొట్టి పాడుచేసుకోవడానికి పాత తలుపులూ బానెట్లూ ఎన్ని ఉన్నాయి, కార్బన్ డయాక్సైడ్ వెల్డింగు (కరిగే వైరుకు బయటి గాలి తగలకుండా ఆ వాయువు కాపాడే పద్ధతి) యంత్రానికి వైరూ గ్యాసూ నిజంగా సరఫరా అవుతున్నాయా, ఒక్కో యంత్రం దగ్గర ఎంతమంది నిలబడుతున్నారు అన్నవి చూడాలి. సుత్తి దెబ్బల గుర్తులు లేని తలుపులు గోడకు వరుసగా ఆనించి ఉన్న వర్క్‌షాపులో ఎవరూ పని నేర్చుకోవడం లేదని అర్థం.

మొదటి మూడు నెలలు రేకుతోనే

కారు బయటి రేకు మందం సాధారణంగా 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇంత పలుచటి రేకు నిలబడేది దానికి ఇచ్చిన వంపుల వల్లనే. దెబ్బ తగిలినప్పుడు రేకులో కొంత భాగం గట్టిగా మడతపడి తన ఆకారం పోగొట్టుకుంటుంది. దాని చుట్టూ ఉన్న పెద్ద భాగం ఆ మడత పట్టి ఉంచడం వల్ల మాత్రమే లోపలికి వంగి ఉంటుంది. మడతను విడిపిస్తే ఆ చుట్టుపక్కల రేకు చాలావరకు తనంతట తానే పైకి లేస్తుంది. ఈ తేడా తెలియనివాడు లోతుగా కనిపించిన చోటల్లా సుత్తితో కొట్టి, బాగున్న రేకును కూడా సాగదీస్తాడు. అందుకే దెబ్బ ఏ దిక్కు నుంచి వచ్చింది, మొదట ఎక్కడ తగిలింది, చివరికి ఏది వంగింది అని ముందుగా చదువుకోవాలి. చివర వంగినదాన్ని ముందు లేపాలి, మొదట తగిలినదాన్ని చివరకు సరిచేయాలి.

మడతపడిన చోట ఇనుము గట్టిపడుతుంది. కొబ్బరి మట్టకు కట్టిన తీగను ఒకే చోట పదిసార్లు వంచితే అక్కడ బిరుసెక్కి విరిగిపోతుంది కదా, అదే గుణం ఇది. ఒకే చోట పదేపదే కొట్టిన రేకు కూడా అలాగే బిరుసెక్కుతుంది. కాబట్టి దెబ్బలు తక్కువగా, తేలికగా, మణికట్టు నుంచి రావాలి. భుజం బలం వాడకూడదు.

డాలీ అంటే చేతిలో ఇమిడే చిన్న దాగలి. దానితో చేసే పని రెండు రకాలు. డాలీని పల్లం కింద ఒత్తిపట్టి, దాని పక్కన ఉబ్బిన చోట సుత్తితో కొట్టడం మొదటిది. ఇందులో పల్లం పైకి లేస్తుంది, ఉబ్బు కిందికి దిగుతుంది, రేకు మాత్రం సాగదు. సరిగ్గా డాలీ మీదనే కొట్టడం రెండోది. ఇది చిన్న చిన్న గరుకుల్ని చదును చేస్తుంది గాని, ఇనుము రెండింటి మధ్య నలిగి సాగుతుంది. శిక్షణ తొలి నెలల్లో మొదటి పద్ధతిలోనే చేయి తిరగాలి. ఒక పాత బానెట్టు మీద అరచేయంత సొట్ట కావాలని చేసి, దాన్ని లేపి, మళ్లీ వేరొక చోట చేసి, ఇలా రోజుకు రెండు మూడు చొప్పున సాధన చేయాలి. ఆకురాయిని రేకు మీద ఏటవాలుగా తేలికగా నడిపిస్తే ఎత్తులు మెరుస్తాయి, పల్లాలు నల్లగా మిగులుతాయి. చివరి పరీక్ష మాత్రం అరచేతిదే. పలుచటి నూలుగుడ్డ అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని, వేళ్లతో కాకుండా అరచేతి మొత్తంతో పొడవునా తడిమితే, కంటికి కనబడని ఎగుడుదిగుళ్లు తెలిసిపోతాయి.

ఈ మూడు నెలల్లో పుట్టీ, అంటే పల్లాలు పూడ్చే ముద్ద, డబ్బా మూత తీయకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పుట్టీ చేతికి అందుబాటులో ఉంటే సుత్తి పని సగంలోనే ఆగిపోతుంది.

మంట, గ్యాసు, వెల్డింగు

ఆక్సిజన్ సిలిండరు నలుపు రంగులో, ఎసిటిలీన్ సిలిండరు మెరూన్ రంగులో ఉంటాయి. ఎసిటిలీన్ బిగింపులకు ఎడమవైపు తిరిగే మరలుంటాయి, ఒకదానికి బదులు ఒకటి బిగించకుండా ఉండటానికి. ఆక్సిజన్ రెగ్యులేటరును గ్రీజు చేతులతో తాకరాదు. అధిక పీడనంలోని ఆక్సిజన్‌కు నూనె తగిలితే దానంతటదే అంటుకుంటుంది. ఎసిటిలీన్ సిలిండరును పడుకోబెట్టి వాడరాదు. వెల్డింగు మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పడం, పెట్రోలు ట్యాంకూ సీఎన్‌జీ పైపులూ ఎటున్నాయో చూసుకోవడం, నీళ్ల బకెట్టూ మంటలార్పే సిలిండరూ పక్కన ఉంచుకోవడం తప్పనిసరి. ఎయిర్‌బ్యాగులున్న బండిలో వాటి తీగలూ సెన్సార్ల దగ్గర వేడిగాని సుత్తిగాని వాడేముందు తయారీదారు సూచనలు చదవాలి. విద్యుత్ వాహనమైతే హై వోల్టేజి విడదీయడంలో శిక్షణ పొందినవారు వచ్చేదాకా దాన్ని ముట్టుకోరాదు.

పలుచటి రేకుకు కార్బన్ డయాక్సైడ్ వెల్డింగే తగినది. గ్యాసు మంట వేడిని దూరం దాకా పాకించి రేకును అలలు అలలుగా వంకరపోయేలా చేస్తుంది. 0.8 మిల్లీమీటర్ల వైరుతో, సెంటీమీటరు రెండు సెంటీమీటర్ల కుట్లు వేస్తూ, ఒక కుట్టు వేసిన తరువాత దూరంగా మరోచోట వేస్తూ, ముందరిది చల్లారిన తరువాతే పక్కదానికి రావాలి. సముద్రగాలి వీచే షెడ్డులో ఆ గాలి కవచ వాయువును చెదరగొట్టి కుట్టును బెజ్జాలమయం చేస్తుంది కాబట్టి గాలి వచ్చే వైపు రేకు పలకో తార్పాలినో అడ్డం కట్టుకోవాలి. జింకు పూత ఉన్న రేకు కాలినప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. వెల్డింగు చేసే చోట ముందుగా పూత గీకేసి, పొగ బయటికి పోయే ఏర్పాటు చేసుకోవాలి.

తుప్పు పని

డెల్టాలో పనివాడి పేరు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. నేను నేర్చుకునే రోజుల్లో ఒక చేపల వ్యాను తలుపు అడుగున తుప్పును పైపైన గీకి, దాని మీద పుట్టీ పట్టించి, రంగు వేసి ఇచ్చాను. చూడటానికి చక్కగా వచ్చింది. ఒక్క వానాకాలం గడిచేసరికి పుట్టీ మొత్తం పెచ్చుగా ఊడి, లోపల రేకు జల్లెడలా మిగిలింది. మసిపూసి మారేడుకాయ చేసిన ఆ పనికి యజమాని రెండోసారి డబ్బు పెట్టుకోవలసి వచ్చింది. అది నాకు ఇప్పటికీ బాధే. ఆ తలుపే నాకు ఈ పని నేర్పింది.

పాలియెస్టరు పుట్టీ నీటిని పీల్చుకుంటుంది. తుప్పు గుంటల అడుగున ఉప్పు దాగి ఉంటుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాగి, రంగు కిందనే ఇనుమును తిరిగి తినడం మొదలుపెడుతుంది. కాబట్టి మొదట సుత్తి మొనతో అంచు పొడవునా తట్టుతూ వెళ్లాలి. గట్టి రేకు ఖణేల్మంటుంది, తిన్న రేకు మెత్తగా లోపలికి పోతుంది. కంటికి కనబడే తుప్పు ముగిసిన చోటు నుంచి కనీసం రెండు మూడు సెంటీమీటర్లు దాటి, మెరిసే ఇనుము తగిలే వరకు కోసివేయాలి. కోయకుండా మిగిలిన భాగాన్ని మంచినీటితో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఈ కడగడాన్ని చాలా షెడ్లలో వదిలేస్తారు, ఉప్పు పోయేది మాత్రం దీనితోనే. తరువాత అట్టముక్కతో ఆకారం తీసి, అదే మందం రేకుతో అతుకు తయారుచేసి, అతుకు కలిసే అంచులకు వెల్డింగుకు పనికివచ్చే జింకు ప్రైమరు పట్టించి, కుట్లతో అతకాలి. శానం పట్టిన వెంటనే, అంటే అదే రోజున, ఎపాక్సీ ప్రైమరు వేయాలి. డెల్టా గాలిలో నగ్నంగా వదిలిన రేకు మీద తెల్లారేసరికి గోధుమ రంగు పొర కనిపిస్తుంది. అతుకుల మీద సీలరు, తలుపు లోపలి డొల్లల్లో మైనపు పూత పూసి, చివరగా తలుపు అడుగున నీరు కారడానికి కంపెనీ పెట్టిన బెజ్జాలు తెరుచుకుని ఉన్నాయో లేదో తీగతో పొడిచి చూడాలి. వరద నీటిలో నిలిచిన బండ్లలో ఈ బెజ్జాలు ఒండ్రుతో మూసుకుపోయి, తలుపు లోపల నీరు నెలల తరబడి నిలిచి ఉంటుంది.

పుట్టీ, రంగు, గాలిలో తేమ

ఇక పుట్టీ డబ్బా తెరవవచ్చు. అందులో కలిపే గట్టిపరిచే మందు పుట్టీ బరువులో సుమారు 2 శాతం చాలు. వేసవి మధ్యాహ్నం ఇంకా తక్కువే పడుతుంది, ఎక్కువ కలిపితే పైరంగులోకి మరకలు దిగుతాయి. ఒక్కో పూత పలుచగా ఉండాలి, మొత్తం మీద మూడు మిల్లీమీటర్లు దాటవలసి వస్తే సుత్తి పని పూర్తి కాలేదని గ్రహించి వెనక్కి వెళ్లాలి. పుట్టీని పొడిగానే రుద్దాలి. 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 120, 180, 240 నంబర్ల మీదుగా దిగాలి. నీళ్లు పోసి రుద్దడం ప్రైమరు మీదనే గాని పుట్టీ మీద పనికిరాదు.

రంగు వేసేటప్పుడు రేకు ఉష్ణోగ్రత, గాలిలోని ఆవిరి చెమ్మగా మారే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీల వేడితో, 85 శాతం తేమతో ఉన్న రోజున ఆ చెమ్మ పట్టే ఉష్ణోగ్రత దాదాపు 27 డిగ్రీలు. రాత్రంతా షెడ్డులో నిలిచిన బండి రేకు ఉదయం అంతకంటే చల్లగా ఉండవచ్చు. అప్పుడు కంటికి కనబడని నీటి పొర మీద రంగు పడుతుంది, తరువాత పొక్కులు లేస్తాయి. అందువల్ల తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి గోడకు తగిలించుకోవడం, ముసురు రోజుల్లో రంగు పని ఆపి సుత్తి పని చేసుకోవడం, కంప్రెసరు ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజుకు రెండుసార్లు వదిలేయడం అలవాటు కావాలి. రంగు చల్లే స్ప్రే గన్ను రేకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, సమాంతరంగా, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేలా నడవాలి.

రెండు భాగాలు కలిపి వేసే రంగుల గట్టిపరిచే మందులో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే ఆ మనిషి ఆ తరువాత కొద్దిపాటి వాసనకే ఉబ్బసంతో బాధపడతాడు, ఇక ఈ వృత్తిలో నిలవలేడు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకోవడం దీనికి ఏమాత్రం రక్షణ కాదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కే కావాలి. శిక్షణ సంస్థలో అది లేకపోతే అడగాలి, అడగడానికి మొహమాటపడరాదు.

ఎస్టిమేటు రాయడం

తరగతిలో దీనికి తక్కువ సమయం దక్కుతుంది గాని, షెడ్డు నడిచేది దీనితోనే. సాధారణ మోటారు బీమా పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్‌గ్లాసు భాగాలకు 30 శాతం తరుగు కోసి చెల్లిస్తారు. అద్దాలకు తరుగు లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి, మొదటి ఆరు నెలలు ఏమీ లేకుండా, అయిదు నుంచి పదేళ్ల బండికి 40 శాతం దాకా ఉంటుంది. ఈ లెక్క తెలిసిన పనివాడు బంపరు మార్చడం మంచిదా, ప్లాస్టిక్ వెల్డింగుతో అతకడం మంచిదా అన్నది యజమానికి రూపాయల్లో చెప్పగలడు. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు రాకముందే ఏ భాగమూ విప్పకుండా ఫొటోలు తీసి ఉంచాలి. తుప్పు వల్ల పోయినదాన్ని ప్రమాదంలో పోయినట్టు రాయరాదు.

కోర్సు ముగిసి అప్రెంటిసుగా చేరేటప్పుడు, రాజమహేంద్రవరంలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మొదటి ఆరు నెలలు టింకరింగు, అంటే రేకు సరిచేసే పని, వైపే నిలబెట్టమని అడగాలి. సొంతంగా కొనుక్కోవలసినవి మొదట ఒక మంచి సుత్తి, రెండు డాలీలు, ఒక ఆకురాయి. స్ప్రే గన్ను మరుసటి ఏడాది కొనుక్కోవచ్చు.