సెల్ఫ్ టక్‌మని ఆగిపోతోందా? బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ చూడండి

కారు స్టార్ట్ కాకపోతే చాలామంది వెంటనే బ్యాటరీ షాపుకు ఫోన్ చేస్తారు. దయచేసి అంతకంటే ముందు బానెట్ ఎత్తి, బ్యాటరీ టెర్మినళ్లను చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. కదిలాయంటే బిగించండి. తెల్లగా పూసి ఉంటే విప్పి, వేడినీళ్లతో కడిగి మళ్లీ బిగించండి. నా షెడ్డుకు తోసుకొచ్చే బళ్లలో సగానికి ఇదే పని. ఈ ఒక్క నిమిషం పని ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

టెర్మినళ్లు బాగుంటే హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి.

లైట్లు ఆరిపోయినంతగా మసకబారి, టకటకా మోగుతోంది: బ్యాటరీ దిగిపోయింది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12కు వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుళ్లతో జంప్ ఇచ్చి స్టార్ట్ చేశాక, బ్యాటరీ మీద పెట్టిన వోల్టు మీటరు 14 దరిదాపుల్లో చూపించకపోతే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను మెకానిక్‌కు చూపించండి. లేకపోతే కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది.

లైట్లు బాగున్నాయి, శబ్దమే లేదు: క్లచ్ పూర్తిగా తొక్కండి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి చూడండి. తర్వాత స్టార్టర్ (సెల్ఫ్) ఫ్యూజు, దానికి కరెంటు కలిపే రిలే చూడండి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు: బ్యాటరీ జోలికి వెళ్లకండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజుతో మొదలుపెట్టండి.

లైట్లు బాగానే ఉన్నాయి, ఒక్క టక్ లేదా బరువుగా తిరగడం; పొద్దున స్టార్టయి సాయంత్రం మొరాయించడం: అసలు దొంగ ఇక్కడుంటాడు. మొన్నటి వానల్లో హైదరాబాద్ మల్కాజిగిరిలో సెల్లార్‌లోకి నీళ్లొచ్చిన ఒక అపార్ట్‌మెంట్ నుంచి చిన్న కారు వచ్చింది. నేను బ్యాటరీ మార్చాను. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్‌లు వేశాను. మళ్లీ వచ్చింది. చివరికి బాడీ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీ బోల్టు విప్పితే, వాషరు కింద పచ్చటి చిలుము పొరలా పేరుకుని ఉంది. పైనుంచి చూస్తే పట్టీ శుభ్రంగానే కనిపించింది. ఆ బ్యాటరీ డబ్బు ఓనరుకు తిరిగిచ్చేశాను.

లైట్లకు కొద్దిపాటి కరెంటు చాలు, సెల్ఫ్‌కు వంద ఆంపియర్ల పైన కావాలి. అంత కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి రావాల్సింది ఆ పట్టీ మీదుగానే. చిలుము పడితే దారి ఇరుకైపోతుంది.

పట్టుకోవడం సులువు. బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మీటరు ఎర్ర వైరు ఇంజిన్ మీద పెయింట్ లేని చోట, నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద పెట్టి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ పోయినట్టే. మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి నెగెటివ్ నుంచి ఇంజిన్ ఇనుముకు తగిలించి స్టార్ట్ చేయండి. కేబుల్ బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. ఇంజిన్ వెంటనే అందుకుందంటే దొంగ దొరికాడు.

బ్యాటరీ నెగెటివ్ విప్పాకే పట్టీ విప్పండి. రెండు కొసలూ, అవి కూర్చునే చోటూ మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాసలీన్ పూయండి. పోగులు తెగి ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్త పట్టీ దొరుకుతుంది. సన్న వైరుతో అతుకు మాత్రం వేయించకండి, కాలిపోతుంది.

ఇగ్నిషన్ స్విచ్, తాళంలో చిప్ చెడిపోవడం అరుదు. రెండో తాళంతో ఒకసారి ప్రయత్నించి వదిలేయండి. ఇంజిన్ దాకా నీళ్లలో మునిగిన బండికైతే ఇవేవీ వద్దు. సెల్ఫ్ ఒక్కసారి కూడా కొట్టకుండా టోయింగ్ బండిని పిలవండి.