పత్తి మొలక చస్తోందా? ముందు వేరుతో సహా పీకి చూడండి

రాజాం చుట్టుపక్కల తొలి వానలకు పత్తి వేసిన పది రోజులకే "విత్తనం నకిలీదేమో" అన్న టెన్షన్ మొదలవుతుంది. కొన్నిసార్లు నిజమే కావచ్చు. ఎక్కువసార్లు తప్పు నేలలోనో, తడిలోనో ఉంటుంది.

మొలక పైకే రాలేదు

మట్టి తవ్వి గింజ తీయండి. నొక్కితే పిప్పిలా మెత్తగా ఉంటే తడి ఎక్కువై పిథియం, రైజోక్టోనియా లాంటి శిలీంధ్రాలు పట్టాయి. గింజ బాగానే ఉండి మొలక వంకర తిరిగి ఆగిపోతే అది తెగులు కాదు. వాన వెలిశాక ఎండకు ఎర్రనేల పైపొర గట్టిపడింది. దానికి మందు లేదు, ఆ పొరను మెల్లగా చిదపడమే.

మొలిచాక మొదలు దగ్గర సన్నబడి వాలిపోతోంది

నేలకు ఆనుకున్న చోట కాండం ఎర్రగా, గోధుమ రంగులో నొక్కుకుపోయి ఉంటే రైజోక్టోనియా. విత్తనానికి మందు పట్టించేది ముఖ్యంగా ఇలాంటివాటి కోసమే.

"ప్యాకెట్లో గింజకు రంగుంది కదా" అంటారు. రంగు చూసి నమ్మకండి, ట్యాగ్ చదవండి. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ అని మాత్రమే ఉంటే అవి పచ్చదోమ లాంటి రసం పీల్చే పురుగులకు, తెగులును ఆపవు. థైరం, కాప్టాన్, కార్బాక్సిన్ లాంటి తెగులు మందు పేరు ఉండాలి. లేకపోతే థైరం గానీ కాప్టాన్ గానీ కిలో విత్తనానికి 3 గ్రా. పట్టించండి. 475 గ్రా. ప్యాకెట్‌కు ఒకటిన్నర గ్రాము కూడా పట్టదు. "ఒక చెంచా వేసెయ్" అనే మాట వినకండి.

చేతులకు తొడుగులు వేసుకుని, మూతున్న డబ్బాలో నాలుగు చుక్కల నీళ్లతో గింజలను దొర్లించి నీడన ఆరబెట్టాలి. గట్టిగా రుద్దితే కంపెనీ వేసిన పూత రాలిపోతుంది. రాత్రంతా నానబెడితే ఆ మందంతా నీళ్లపాలు.

తెగులు శిలీంధ్రాలను అణచడానికి వాడే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. థైరం పట్టిన గింజకు దాన్ని పూస్తే చచ్చిపోతుంది. రెండు కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, వారం పది రోజులు నీడన తడి ఆరకుండా ఉంచి, ఎకరం నేలలో వేయండి.

ఇప్పటికే వాలుతుంటే నిలిచిన నీళ్లు తీసేసి, లీటరుకు 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. వాలినవి లేవవు. పక్కవి నిలబడతాయి.

పూత, కాయ మీద వడలిపోతోంది

విత్తనానికి పట్టించిన తెగులు మందు తొలి రెండు మూడు వారాలకే కాపలా. ఇక్కడ దాన్ని తిట్టి లాభం లేదు. కాండం చీల్చండి. లోపల గోధుమ చారలుంటే వడలు తెగులు. వచ్చే ఏడాది అక్కడ పత్తి మానేసి మొక్కజొన్న వేయండి. చారలు లేకుండా, బెట్ట తర్వాత పెద్ద వాన పడగానే వడలితే పారావిల్ట్, అంటే ఉన్నట్టుండి వడలిపోవడం. అది శిలీంధ్రం కాదు. వెంటనే నీళ్లు తీసి, కొన్ని గంటల్లోనే లీటరుకు 10 మి.గ్రా. కోబాల్ట్ క్లోరైడ్ పిచికారీ చేస్తే కొన్ని మొక్కలు తేరుకుంటాయి.