అమెరికా కళాశాలలో మీ విద్యా రికార్డులు: ఎలా చూడాలి, ఎవరికి చూపించాలి

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఒక తండ్రి, బ్యాంకులో విద్యా రుణం తీసుకుని కూతురిని అమెరికా పంపి, మొదటి సెమిస్టర్ మార్కులు ఎలా వచ్చాయో కనుక్కుందామని విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాస్తే, ఆ వివరాలు తమకు చెప్పలేమని రెండు ముక్కల జవాబు వస్తుంది. డబ్బు కట్టినవాడికి మార్కులు చెప్పకపోవడమేమిటని ఆయనకు కోపం రావడం సహజమే. ఇంటర్ మార్కులనూ ర్యాంకులనూ ఫొటోలతో సహా ఫ్లెక్సీల కెక్కించే చోటు నుంచి చూస్తే ఇది మరీ వింతగా కనిపిస్తుంది. కానీ ఆ జవాబు రాసిన ఉద్యోగి చేసింది మర్యాద తప్పడం కాదు, చట్టాన్ని పాటించడం.

ఆ చట్టం పేరు కుటుంబ విద్యా హక్కులు, గోప్యతా చట్టం. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను కలిపి అందరూ ఫెర్పా అంటారు. 1974లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో అమలులోకి వచ్చింది. అమెరికా విద్యాశాఖ పథకాల నుంచి నిధులు అందుకునే ప్రతి విద్యాసంస్థకూ ఇది వర్తిస్తుంది కనుక, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో పాటు ప్రైవేటు కళాశాలల్లో చాలా భాగం దీని కిందికే వస్తాయి. విద్యార్థి ఏ దేశ పౌరుడన్న ప్రశ్న ఇందులో లేదు; ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవారికీ అవే హక్కులు. బడి పిల్లల విషయంలో ఈ హక్కులు తల్లిదండ్రులవి. పిల్లలకు 18 ఏళ్లు నిండినప్పుడు, లేదా ఏ వయసులోనైనా కళాశాలలో చేరినప్పుడు, అవి పూర్తిగా విద్యార్థి చేతికి వస్తాయి. పదహారేళ్లకే కళాశాలలో చేరిన పిల్లవాడి మార్కులు కూడా, కళాశాల దృష్టిలో, ఆ పిల్లవాడివే.

విద్యార్థికి నేరుగా సంబంధించి, సంస్థ గానీ సంస్థ తరఫున మరొకరు గానీ భద్రపరిచిన ప్రతి సమాచారమూ విద్యా రికార్డే. మార్కులు, ట్రాన్‌స్క్రిప్ట్, క్రమశిక్షణ చర్యల కాగితాలు, ఆర్థిక సహాయ వివరాలు, మీరు దరఖాస్తుతో పంపిన మన విశ్వవిద్యాలయం మార్కుల జాబితాలు, అన్నీ ఇందులోకి వస్తాయి. టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేసేవారు ఒక సంగతి గమనించాలి: విద్యార్థి కావడం వల్లనే వచ్చిన ఉద్యోగం కాబట్టి ఆ ఉద్యోగపు రికార్డు కూడా విద్యా రికార్డే. ప్రొఫెసర్ తన జ్ఞాపకం కోసం రాసుకుని ఎవరికీ చూపని నోట్సు, క్యాంపస్ పోలీసులు తమ విధుల కోసం ఉంచుకున్న రికార్డు, చికిత్సకు మాత్రమే వాడే వైద్యుల కాగితాలు దీని పరిధిలోకి రావు. సీటు దరఖాస్తు తిరస్కరించిన కళాశాలను ఈ చట్టం కింద ఏమీ అడగలేము. అక్కడ చదివినవారికే హక్కు.

మీ రికార్డు చూడాలంటే రిజిస్ట్రార్ కార్యాలయానికి రాతపూర్వకంగా అడగడం మంచిది. కళాశాల ఇచ్చిన ఈమెయిల్ నుంచే రాయాలి, ఎందుకంటే సొంత ఈమెయిల్ నుంచి వచ్చిన ఉత్తరం రాసింది మీరేనని వారు నమ్మడానికి ఆధారం ఉండదు. "నా రికార్డులన్నీ" అని రాస్తే పని సాగదు. మార్కులు రిజిస్ట్రార్ దగ్గర, సలహాదారు రాసిన వ్యాఖ్యలు డిపార్ట్‌మెంట్‌లో, ప్రవేశపు కాగితాలు గ్రాడ్యుయేట్ స్కూల్లో, ఫిర్యాదుల ఫైలు విద్యార్థి ప్రవర్తన చూసే కార్యాలయంలో వేర్వేరుగా ఉంటాయి కనుక, ఏ కార్యాలయంలో ఏ కాలానికి చెందిన ఏ కాగితం కావాలో విడివిడిగా రాయాలి. అడిగిన నాటి నుంచి 45 రోజులలోపు చూపించి తీరాలి. అర్థం కానిచోట వివరణ అడిగితే చెప్పాలి. మీ విన్నపం తేలేదాకా ఆ కాగితాలను నాశనం చేయకూడదు. రికార్డు వెతికినందుకు రుసుము తీసుకోకూడదు, నకళ్లకు మాత్రం తీసుకోవచ్చు. నిజానికి చట్టం ఇచ్చేది చూసే హక్కే తప్ప నకలు పొందే హక్కు కాదు. అయితే చదువు ముగించుకుని హైదరాబాద్ తిరిగి వచ్చినవారిలాగా, అక్కడికి వెళ్లి చూడడం సాధ్యం కానివారికి నకలు పంపాలి, లేదా చూసే వేరే ఏర్పాటు చేయాలి. ఫీజు బాకీ ఉన్నవారికి అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వకుండా ఆపినా ఈ చట్టం అడ్డు చెప్పదు గానీ, రికార్డు చూడనివ్వకుండా మాత్రం ఆపలేరు.

తమ ప్రవేశ దరఖాస్తు మీద అధికారులు ఏం రాశారో చూడవచ్చని చాలామంది విద్యార్థులకు తెలియదు. 2015లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఈ దారినే తమ ప్రవేశపు ఫైళ్లను చూశారు. సిఫారసు లేఖల విషయం వేరు: దరఖాస్తు నింపేటప్పుడు వాటిని చూసే హక్కు వదులుకుంటున్నానని టిక్కు పెట్టి ఉంటే చూపించరు, ఆ లేఖలు ఎవరు రాశారో అడిగితే మాత్రం పేర్లు చెప్పాలి.

చూసినప్పుడు తప్పు కనిపిస్తే సరిదిద్దమని అడగవచ్చు. మనవాళ్లకు ఈ అవసరం ఎక్కువగా పేరు దగ్గరే వస్తుంది. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి వల్ల పేరూ ఇంటిపేరూ తారుమారవుతాయి. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారికి వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడి, కళాశాల రికార్డుల్లోనూ అదే పేరై కూర్చుంటుంది. పాస్‌పోర్టు నకలు జతచేసి రాస్తే చాలావరకు అక్కడితోనే పని తీరుతుంది. కళాశాల ఒప్పుకోకపోతే విచారణ జరపమని కోరే హక్కు ఉంది. విచారణలోనూ మీకు వ్యతిరేకంగా తేలితే మీ అభ్యంతరాన్ని రాసి ఆ రికార్డుకు జతచేయించవచ్చు. ఆ భాగాన్ని ఎవరికి చూపినా మీ మాట కూడా దానితో వెళ్లాలి. మార్కులు తక్కువ వేశారన్న వివాదానికి మాత్రం ఇది దారి కాదు. ప్రొఫెసర్ "ఎ" గ్రేడు ఇస్తే రికార్డులో "బీ" అని ఎక్కితే ఈ చట్టం పనికొస్తుంది. ఆలోచించే "బీ" ఇస్తే పనికిరాదు.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. తల్లిదండ్రులకు వివరాలు తెలియాలని మీరు అనుకుంటే, ఏ రికార్డు, ఎవరికి, ఏ ప్రయోజనం కోసం చూపవచ్చో పేర్కొంటూ సంతకమూ తేదీతో అంగీకారం ఇవ్వాలి. చాలా కళాశాలల్లో విద్యార్థి పోర్టల్‌లోనే దీనికి ఫారం ఉంటుంది, ఎలక్ట్రానిక్ సంతకం సరిపోతుంది. ఫీజు ఖాతా, మార్కులు అని విడిగా ఎంచుకునే వీలుంటే కావలసినవే ఎంచుకోండి. ఆరోగ్యం, క్రమశిక్షణల సంగతి మార్కులతో కలిపి ఇచ్చేయవలసిన అవసరం లేదు. నా అభిప్రాయంలో విమానం ఎక్కకముందే ఇంట్లో కూర్చుని దీని గురించి మాట్లాడుకోవడం మేలు, తరువాత అడిగితే అది అనుమానంగా వినిపిస్తుంది. పాస్‌వర్డ్ మాత్రం అమ్మానాన్నలకూ, ముఖ్యంగా కన్సల్టెన్సీలకూ ఇవ్వకండి. అంగీకార పత్రంతో వారు చూడగలరు, అంతే. పాస్‌వర్డ్ ఉంటే కోర్సులు కూడా రద్దు చేయగలరు, కోర్సులు తగ్గితే ఎఫ్-1 హోదాకే ముప్పు.

అంగీకారం లేకుండా తల్లిదండ్రులకు చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో స్థిరపడి, ఆదాయపు పన్ను రిటర్నులో పిల్లలను తమ మీద ఆధారపడినవారిగా చూపించే తల్లిదండ్రులకు కళాశాల వివరాలు ఇవ్వవచ్చు, ఇచ్చి తీరాలని లేదు. అమెరికాలో పన్ను రిటర్ను దాఖలు చేయని తెనాలి తండ్రికి ఈ వెసులుబాటు వర్తించదు. ప్రాణానికో భద్రతకో ప్రమాదం వచ్చినప్పుడు చెప్పవచ్చు. 21 ఏళ్లలోపు విద్యార్థి మద్యం, మాదకద్రవ్యాల నియమాలు ఉల్లంఘించినా చెప్పవచ్చు.

ఇతరులకు వెళ్లే సమాచారంలో విద్యార్థులు పట్టించుకోనిది డైరెక్టరీ సమాచారం. పేరు, చిరునామా, ఫోను, చదివే శాఖ, చదివిన తేదీలు, పొందిన డిగ్రీ లాంటివాటిని కళాశాల ముందుగా ప్రకటించి, మీ అంగీకారం లేకుండానే ఎవరికైనా ఇవ్వవచ్చు. వద్దనుకుంటే కళాశాల చెప్పిన గడువులోగా నిలిపివేయమని రాసి ఇవ్వాలి. కానీ అలా పూర్తిగా మూసేస్తే, ఉద్యోగం ఇవ్వబోయే కంపెనీ డిగ్రీ నిజమేనా అని అడిగినప్పుడు కూడా కళాశాల నోరు విప్పకపోవచ్చు, పట్టభద్రుల జాబితాలో మీ పేరు కనిపించకపోవచ్చు. చదువు అయిపోయినా, మీరు ఎత్తేయమని చెప్పేదాకా ఆ కట్టడి అలాగే ఉంటుంది. ఉద్యోగ ప్రయత్నం మొదలుపెట్టేముందు దాన్ని ఒకసారి చూసుకోవాలి.

ఎఫ్-1 విద్యార్థులు మరొకటి తెలుసుకోవాలి. చిరునామా, నమోదు, కోర్సుల సంఖ్య లాంటి వీసా సంబంధ వివరాలు విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ప్రభుత్వ సెవిస్ వ్యవస్థకు వెళ్లడాన్ని ఫెర్పా ఆపదు. కోర్టు సమన్లు వస్తే కళాశాల రికార్డు ఇవ్వవచ్చు, అయితే సాధారణంగా ముందుగా మీకు తెలియజేసే ప్రయత్నం చేయాలి. మీ రికార్డును బయటివారెవరు అడిగారో, ఎవరికి ఇచ్చారో చాలా సందర్భాల్లో కళాశాల నమోదు చేయాలి. ఆ నమోదును చూడమని మీరు అడగవచ్చు.

హక్కుకు భంగం కలిగిందనిపిస్తే ముందు రిజిస్ట్రార్‌కు రాయండి. అక్కడ తేలకపోతే వాషింగ్టన్‌లోని విద్యాశాఖలో విద్యార్థి గోప్యతా విధాన కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. ఉల్లంఘన జరిగిన రోజు నుంచి, లేదా అది మీకు తెలిసిన రోజు నుంచి 180 రోజులలోపు ఆ ఫిర్యాదు చేరాలి. ఈ చట్టం కింద కళాశాల మీద మీరే కోర్టుకు వెళ్లే వీలు లేదు. గోంజాగా విశ్వవిద్యాలయం కేసులో 2002లో అమెరికా సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. అందువల్ల మీరు రాసిన ప్రతి ఈమెయిల్, దానికి వచ్చిన జవాబు, వాటి తేదీలు మొదటి రోజు నుంచే ఒకచోట దాచుకోండి. కళాశాల ఈమెయిల్ ఖాతా చదువు ముగిశాక మూసేయవచ్చు కనుక, వాటి నకళ్లు మీ సొంత ఖాతాలో కూడా ఉండాలి.