అన్నార్తుల తోటలో వేసవి ఇంటర్న్‌షిప్ ఎలా చేయాలి?

1995లో అలాస్కాలోని ఆంకరేజ్‌లో తోటల గురించి కాలమ్ రాసే ఒకాయన పాఠకులను ఒక మాట అడిగారు: మీ తోటలో ఒక్క సాలు ఆకలితో ఉన్నవాళ్ల కోసం వేయండి. అదే తర్వాత ‘ప్లాంట్ ఎ రో’ (ఒక సాలు వేయండి) పేరుతో దేశమంతా పాకింది. ఇప్పుడు అమెరికాలో చాలా ఊళ్లలో పంటంతా ఫుడ్ ప్యాంట్రీకే, అంటే అవసరమైనవాళ్లకు ఉచితంగా తిండిసరుకులు పంచే చోటికే, ఇచ్చే తోటలున్నాయి. న్యూజెర్సీలో మా అబ్బాయి ఒక వేసవంతా అలాంటి తోటలో పనిచేశాడు. మన పిల్లలు ఇంకా చాలామంది వెళ్లాలని ఇది రాస్తున్నాను.

1. ఫిబ్రవరిలోనే అడగండి. మే వచ్చాక అడిగితే చాలాచోట్ల ఖాళీలు ఉండవు. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (సాగు సలహాలిచ్చే స్థానిక కార్యాలయం) మాస్టర్ గార్డెనర్ల (శిక్షణ పొందిన తోటపని వాలంటీర్లు) విభాగాన్ని గానీ, ప్యాంట్రీలకు సరుకు అందించే దగ్గర్లోని ఫుడ్ బ్యాంకును గానీ అడిగితే తోట ఎక్కడుందో చెబుతారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల ఫారం మీద అమ్మానాన్నల సంతకం కావాలి.

2. డబ్బుల విషయం ముందే తేల్చుకోండి. కొన్ని తోటలు స్టైపెండ్ ఇస్తాయి. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలు వర్క్ పర్మిట్ లేకుండా జీతం తీసుకోకూడదు. జీతమిచ్చే పోస్టులో చేరి డబ్బు వద్దనడం కూడా సరికాదు, మొదటి నుంచీ వాలంటీర్లకే ఉంచిన పనిలో చేరాలి. అనుమానముంటే లాయర్‌ని అడగండి.

3. పంపిణీ రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ప్యాంట్రీ గురువారం సాయంత్రం తెరిస్తే ఆకుకూర గురువారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కోయాలి. మొదటి వారం మావాడు లెట్యూస్ (సలాడ్ ఆకు) మధ్యాహ్నం కోసి కారు డిక్కీలో పెట్టాడు. ప్యాంట్రీకి చేరేసరికి అది తడిగుడ్డ పీలికల్లా వేలాడుతోంది. ఎవరి చేతిలోనూ పెట్టలేక కంపోస్టులో వేసి వచ్చాడు. ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. తర్వాతి వారం నుంచి ఆరింటికే లేచి వెళ్లేవాడు. కోసిన ఆకును వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టి క్రేట్లలో సర్దేవాడు. టమాటాను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, రుచి పోతుంది.

4. లేతగా ఉన్నప్పుడే కోయండి. బెండకాయ కొసను బొటనవేలితో వంచండి. టక్కున విరిగితే కూరకు పనికొస్తుంది, వంగి ఊరుకుంటే ముదిరినట్టే. జుకినీ (దోసకాయలా ఉండే గుమ్మడి జాతి కాయ) ఆకుల కింద దాక్కుంటుంది. జానెడు కాగానే కోసేయాలి. రెండు రోజులు చూడకపోతే సొరకాయంత అవుతుంది, దాన్ని ఎవరూ తీసుకోరు. మనింటికి వచ్చిన చుట్టానికి ఏ కాయ పెడతామో ప్యాంట్రీకి కూడా ఆ కాయే వెళ్లాలి.

5. ఏం వేయాలో ప్యాంట్రీని అడిగి వేయండి. మనకు గోంగూర, బచ్చలి మీదే మనసు పోతుంది. తీసుకునేవాళ్లకు ఎలా వండాలో తెలియకపోతే ఆకు అక్కడే వాడిపోతుంది. తీరా వేస్తే, వండే పద్ధతి నాలుగు వరుసల్లో రాసి కట్టతో పాటు ఇవ్వండి. పశువుల పేడ తెచ్చి వేద్దామనీ మనకు తోస్తుంది. అమెరికా సేంద్రియ సాగు నియమం ప్రకారం పచ్చి పేడ వేస్తే, మట్టికి తగిలే కూరలకు కోత ముందు 120 రోజులు, తగలనివాటికి 90 రోజులు ఆగాలి. వేసవి తోటలో అంత వ్యవధి దొరకడం కష్టం కాబట్టి బాగా మాగిన కంపోస్టే వాడండి.

6. ఒంటిని కాచుకోండి. ఎండాకాలమైనా నిండు ప్యాంటు, మేజోళ్లు వేసుకోవాలి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, తల వెంట్రుకల్లో రక్తం పీల్చే టిక్ పురుగులు పట్టాయేమో చూడండి. న్యూజెర్సీ ప్రాంతంలో లైమ్ అనే జబ్బు వాటివల్లే వస్తుంది. కంచె దగ్గర మూడేసి ఆకుల తీగ కనబడితే తగిలితే దురద, దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఐవీ కావచ్చు, ముట్టుకోకుండా పెద్దవాళ్లకు చూపించండి.

7. తూకం రాయండి. తేదీ, కూర పేరు, ఎన్ని పౌన్లు అన్నది ప్రతి క్రేటుకూ ఉండాలి. మనమిచ్చింది తిని ఎవరికైనా జబ్బు చేస్తే ఎలా అని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. మంచి మనసుతో, శుభ్రంగా ఇచ్చిన ఆహారానికి దాతలను కాపాడే గుడ్ సమారిటన్ చట్టం 1996 నుంచి ఉంది. అయినా చేతులు కడుక్కుని, కడిగిన క్రేట్లలోనే ఇవ్వండి.

8. ఒక్కరోజైనా ప్యాంట్రీ బల్ల వెనక నిలబడండి. ఎవరు దేని దగ్గర ఆగారో, దేన్ని చేత్తో తీసి మళ్లీ పెట్టేశారో చూడండి. చివర్లో ఏ క్రేటులో ఏం మిగిలిందో తూకం రాసే పుస్తకంలోనే రాసుకోండి. వచ్చే ఫిబ్రవరిలో విత్తనాలు కొనేటప్పుడు ఆ పేజీ తెరవాల్సి ఉంటుంది.