ఒంటికి దెబ్బ తగిలితే నష్టపరిహారం కోసం సివిల్ కోర్టులో దావా ఎలా వేయాలి?

కర్నూలు పాతబస్తీలోని ఒక ఇరుకు వీధిలో ఇల్లు కడుతున్నారనుకుందాం. రెండో అంతస్తు నుంచి సెంట్రింగు చెక్క జారి, కింద నడిచి వెళ్తున్న ముప్పై నాలుగేళ్ల మహిళ కుడిచేతి మీద పడింది. ఆమె బట్టలు కుట్టి బతికే మనిషి. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది కానీ రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. నాలుగో రోజున ఇంటి యజమాని వచ్చి ఇరవై వేల రూపాయలు చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు.

చేయవలసిన మొదటి పని ఆ సంతకం పెట్టకుండా ఉండడమే. డబ్బు అవసరమైతే తీసుకోవచ్చు. అయితే రసీదులో ‘చికిత్స ఖర్చుల నిమిత్తం ముట్టినది’ అని మాత్రమే రాయాలి. ‘ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న వాక్యం అందులో ఉంటే, తరువాత ప్రతివాది వకీలు కోర్టులో ముందుగా చూపించేది ఆ కాగితాన్నే.

రెండో పని ఏ తలుపు తట్టాలో తేల్చుకోవడం. గాయాల కేసులన్నీ సివిల్ కోర్టుకు వెళ్లవు. వాహనం వల్ల గాయమైతే 1988 మోటారు వాహనాల చట్టం కింద ప్రమాద క్లెయిమ్‌ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. 2019 సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినప్పటి నుంచి అక్కడ చట్టంలో ఉన్న గడువు ఆరు నెలలే కనుక దానిని దాటనీయకూడదు. బెంగళూరు దారిలో గాయపడిన కడప వాసి కడపలోనే ఆ పిటిషన్ వేసుకోవచ్చు. పనిచేసే చోట, ఉదాహరణకు తాడిపత్రి బండల పాలిషింగ్ యూనిట్లో కూలీకి దెబ్బ తగిలితే, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద, సంబంధిత అధికారి ముందు గడువు దాటకుండా దరఖాస్తు చేయాలి. ఒకే గాయానికి అక్కడా సివిల్ కోర్టులోనూ రెండుచోట్లా పరిహారం అడగడం కుదరదు. డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. మిగిలినవి, అంటే కూలిన పిట్టగోడ, మూత లేని గుంత, జారిపడిన సెంట్రింగు చెక్క వంటివి సివిల్ దావాలు.

అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలో తెగిపడిన కరెంటు తీగ తగిలి రైతు గాయపడినా దావా వేయవచ్చు. ఇలాంటి కేసుల్లో సరఫరా సంస్థ తన నిర్లక్ష్యం లేదని వాదించినా బాధ్యత తప్పించుకోలేదని 2002లో శైల్‌కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం సంగతి. నా దృష్టిలో ఈ దావాల గెలుపోటములు చాలావరకు మొదటి వారంలోనే నిర్ణయమవుతాయి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ‘దెబ్బ ఎలా తగిలింది?’ అని అడిగినప్పుడు, పోలీసుల గొడవ ఎందుకని చాలామంది ‘ఇంట్లో జారిపడ్డాను’ అంటారు. ఆ మాట కేసు షీట్లో చేరుతుంది, రెండేళ్ల తరువాత క్రాస్ ఎగ్జామినేషన్లో, అంటే ఎదుటి వకీలు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, అదే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. కాబట్టి జరిగింది జరిగినట్టే చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే గాయం కేసుగా, నమోదు చేయించుకోవాలి. గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆసుపత్రికి తిరిగిన ఆటో ఖర్చులు తేదీల వారీగా భద్రపరచాలి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కింద ఉచితంగా చికిత్స జరిగినా ఆ కాగితాలు గాయం తీవ్రతకు సాక్ష్యమే. సంఘటన స్థలం మారకముందే ఫొటోలు తీయాలి, చూసినవారి పేర్లు, ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోవాలి.

పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. ఫిర్యాదుదారుకు అది ఉచితం. అయితే నేరం కేసు వేరు, పరిహారం కేసు వేరు. నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి, సివిల్ కోర్టులో మాత్రం మీ వాదన నిజమయ్యే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. అందుకే క్రిమినల్ కోర్టులో మేస్త్రీ నిర్దోషిగా బయటపడ్డా పరిహారం దావా అంతటితో కొట్టుకుపోదు.

గడువు విషయానికొస్తే, 1963 కాలపరిమితి చట్టంలో ప్రత్యేకంగా గడువు చెప్పని దావాలకు మూడేళ్లు వర్తిస్తుంది. చట్టం అప్పగించిన విధి పేరుతో చేసిన పనివల్ల నష్టం కలిగిందన్న దావాకు మాత్రం ఒక్క ఏడాదే. ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేర్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. ఏ సివిల్ దావా అయినా ఏడాదిలోపే కోర్టుకు చేరాలని అనుకోవడం క్షేమం.

దావా మొత్తాన్ని ఎలా లెక్కించాలన్నదే తరువాతి ప్రశ్న. ఖర్చయిన డబ్బు, కోలుకునే నెలల్లో పోయిన సంపాదన, ముందు ముందు పోబోయే సంపాదన, అనుభవించిన నొప్పి అన్నవి వేర్వేరు పద్దులు. వీటిలో మూడోదే పెద్దది, మనవాళ్లు ఎక్కువగా పొరబడేదీ అక్కడే. డాక్టరు సర్టిఫికెట్లో వైకల్యం 20 శాతం అని ఉంటే సంపాదన నష్టం కూడా 20 శాతమే అనుకుంటారు. కానీ గాయం ఆ మనిషి వృత్తిని ఎంత దెబ్బతీసిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన ఉదాహరణలోని మహిళ నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తుందనుకుంటే, ఏడాదికి 1,80,000 అవుతుంది. మోటారు ప్రమాదాల కేసుల కోసం 2009లో సరళావర్మ తీర్పు ఇచ్చిన పట్టికలో 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చించే సంఖ్య) 16. ఆ పట్టికను ఆధారంగా తీసుకుంటే, 20 శాతం నష్టానికి 5,76,000 రూపాయలు వస్తుంది. వేళ్లు ముడవలేని దర్జీ సగం పని కోల్పోయిందని నిరూపించగలిగితే అది 14,40,000 అవుతుంది. కుట్టిన బట్టల లెక్క రాసుకున్న పాత నోటుబుక్కు, వాడుక ఖాతాదారుల సాక్ష్యం, బ్యాంకు పాసుబుక్కు ఇక్కడే అక్కరకొస్తాయి.

అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది, జూనియర్ సివిల్ జడ్జి కోర్టా, సీనియర్ కోర్టా, జిల్లా కోర్టా అన్నదీ దాన్ని బట్టే తేలుతుంది. ఫీజు కట్టలేని వారు నిర్ధనులుగా దావా వేసే అనుమతి కోరవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. ఈ సౌకర్యం ఉందని తెలియక అప్పు చేసినవాళ్లను తలచుకుంటే బాధ కలుగుతుంది.

దెబ్బ తగిలిన చోటి కోర్టులో గానీ, ప్రతివాది నివసించే చోట గానీ దావా వేయవచ్చు. ఇంటి యజమానిని, కాంట్రాక్టరును ఇద్దరినీ చేర్చండి, ఎవరి బాధ్యత ఎంతో కోర్టు తేలుస్తుంది. సమన్లు అందిన 30 రోజుల్లో, కోర్టు అనుమతిస్తే 90 రోజుల్లోపు, వారు జవాబు దాఖలు చేయాలి. తరువాత వివాదాంశాలు ఖరారవుతాయి, మీ సాక్ష్యం అఫిడవిట్‌గా వెళ్తుంది, ఆపై క్రాస్ జరుగుతుంది. మీరు కూడా అజాగ్రత్తగా నడిచారని రుజువైతే ఆ మేరకు పరిహారం తగ్గవచ్చు. చికిత్స చేసిన డాక్టరు సాక్ష్యం చాలా అవసరం. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నవారు, ఆ డాక్టరును అక్కడే కోర్టు నియమించే కమిషనర్ ద్వారా విచారించమని కోర్టును కోరవచ్చు.

మధ్యలో రాజీ మాట వస్తే లోక్ అదాలత్‌లో కుదుర్చుకోవచ్చు, కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కానీ ఆ అవార్డుపై, అంటే అక్కడి రాజీ తీర్పుపై, అప్పీలు లేదు కనుక, పై లెక్క చేతిలో లేకుండా ఆ బల్ల ముందు కూర్చోకూడదు.

డిక్రీ, అంటే పరిహారం చెల్లించమన్న కోర్టు ఉత్తర్వు, వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. ప్రతివాది చెల్లించకపోతే 12 ఏళ్లలోగా ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే వాడుకలో ఈపీ, వేసి ఆస్తి జప్తు కోరాలి. అందుకే దావా వేసే నాడే ప్రతివాది ఇంటి డోరు నంబరు, పొలం సర్వే నంబరు సేకరించి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీయించి పెట్టుకోవాలి. డిక్రీని ఎగవేసేందుకు అతను ఆస్తి అమ్మేస్తున్నాడని తెలిస్తే, తీర్పుకు ముందే జప్తు చేయమని కోరేందుకు ఆ కాగితాలే ఆధారమవుతాయి.