వాల్వ్ యాంప్లిఫయర్‌ను ఇంట్లో అమర్చుకునే, భద్రంగా వాడుకునే విధానం

వాల్వ్ యాంప్లిఫయర్, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో (వాక్యూమ్ ట్యూబులతో) నడిచే యాంప్లిఫయర్, కొనదలచినవారు ముందుగా చూసుకోవలసినది తమ దగ్గరున్న స్పీకర్లను. ఛానెల్‌కు ఒక 300బీ వాల్వుతో సింగిల్ ఎండెడ్ పద్ధతిలో (ధ్వని తరంగమంతా ఒకే వాల్వు మోసే పద్ధతి) నడిచే యాంప్లిఫయర్ సుమారు 8 వాట్లే ఇస్తుంది. ఈఎల్34 వాల్వుల జతతో పుష్‌పుల్ పద్ధతిలో (రెండు వాల్వులు ఆ పనిని పంచుకునే పద్ధతి) నడిచేది 30 నుంచి 50 వాట్ల దాకా ఇవ్వగలదు. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 84 డెసిబెళ్లు పలికే స్పీకరు 8 వాట్లతో 93 డెసిబెళ్ల దగ్గర ఆగిపోతుంది. 94 డెసిబెళ్లు పలికే స్పీకరు అదే 8 వాట్లతో 103 దాకా వెళుతుంది. శక్తిని రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెళ్లే కనుక, ఆ తేడాను వాట్లతో పూడ్చాలంటే పది రెట్ల యాంప్లిఫయర్ కావలసి వస్తుంది. పేరున్న పాతకాలపు వాల్వుల కోసం వెతకడం తరువాతి మాట. ఈ లెక్క కుదరకపోతే ఏ వాల్వూ ఆదుకోదు.

యాంప్లిఫయర్ బరువంతా ట్రాన్స్‌ఫార్మర్లున్న వైపే ఉంటుంది కాబట్టి, పెట్టెలోంచి తీసేటప్పుడు ఆ వైపు చేయి వేసి ఎత్తాలి. దాన్ని కదలని, గట్టి బల్ల మీద, పైన మూత గానీ అర గానీ లేని చోట ఉంచడం మంచిది. వాల్వులు పాట లేనప్పుడు కూడా దాదాపు అంతే విద్యుత్తు తీసుకుని వేడెక్కుతూనే ఉంటాయి, స్పీకర్లను నడిపే పెద్ద వాల్వుల, అంటే పవర్ వాల్వుల, గాజు 200 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. తెరలు, కాగితాలు, ప్లాస్టిక్ వస్తువులు దరిదాపుల్లో ఉండకూడదు. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే ఇంట్లో వాల్వుల మీద ఉండే ఇనుప జాలీని అందం కోసం తీసేయడం తగదు. యాంప్లిఫయర్‌ను స్పీకరు పెట్టె మీద పెట్టడమూ సరికాదు. ఆ అదురుకు చిన్న వాల్వుల లోపలి భాగాలు కంపించి, శబ్దంలో గంట మోగినట్టు ఒక రొద కలుస్తుంది.

ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లకు అలవాటుపడినవారికి స్పీకరు తీగలు ఒకదానికొకటి తగలకూడదన్న జాగ్రత్త బాగా తెలిసే ఉంటుంది. అది ఇక్కడా పాటించవలసిందే గానీ, వాల్వ్ యాంప్లిఫయర్‌కు అంతకంటే పెద్ద ముప్పు స్పీకరు అసలు లేకపోవడం. వాల్వులకూ స్పీకరుకూ మధ్య ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. స్పీకరు లేకుండా పాట వేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో పోగైన శక్తికి వెళ్లే దారి ఉండదు; వాల్వుల వైపున్న ప్రైమరీ చుట్టలో వోల్టేజి మామూలు స్థాయిని ఎంతో దాటి, చుట్టల మధ్యనో వాల్వ్ సాకెట్ పిన్నుల మధ్యనో నిప్పురవ్వగా దూకుతుంది. యాంప్లిఫయర్‌లో ఖరీదైన భాగాల్లో ఒకటైన ఆ ట్రాన్స్‌ఫార్మర్ అలా ఒక్క క్షణంలో పాడైపోవచ్చు. అందుచేత రెండు స్పీకర్లూ బిగించి, తీగల్ని ఒకసారి మెల్లగా లాగి చూసిన తరువాతనే కరెంటు ఇవ్వాలి. ఆన్‌లో ఉండగా స్పీకరు తీగలు విప్పకూడదు.

వెనుక 4 ఓమ్‌లు, 8 ఓమ్‌లు అని రాసివున్న టెర్మినళ్లలో స్పీకరు మీద ఉన్న అంకెకు సరిపోయేది ఎంచుకోవాలి. స్పీకరు ఓమ్‌లు పౌనఃపున్యాన్ని బట్టి మారుతూనే ఉంటాయి కాబట్టి, రెండు టెర్మినళ్ల మీదా కొంతసేపు విని, బేస్ ఎందులో బిగువుగా ఉంటే దాన్ని వాడుకోవచ్చు. మార్చే ప్రతిసారీ స్విచ్ ఆపాలని వేరే చెప్పనక్కరలేదు.

గోడకు ప్లగ్గు పెట్టే ముందు, యాంప్లిఫయర్ వెనుక రాసివున్న వోల్టేజి ఇంటి సరఫరాతో సరిపోతుందో లేదో చూడాలి. 120 వోల్టులకు చేసినదాన్ని నేరుగా 230 వోల్టులకు తగిలిస్తే ఫ్యూజు పోవడంతోనే కథ ముగియకపోవచ్చు. ఎర్త్ ఉన్న సాకెట్ తప్పనిసరి. స్పీకర్లలో గుయ్యిమనే మోత వస్తే ఎర్త్ పిన్ను తీసేయమనే సలహా తరచు వినిపిస్తుంది, దాన్ని ఎంతమాత్రం పాటించకూడదు. లోపల ఏదైనా తీగ ఊడి ఛాసిస్‌కు, అంటే లోహపు పెట్టెకు, తగిలినప్పుడు మనిషిని కాపాడేది ఆ పిన్నే. సాధనాలన్నిటినీ ఒకే బోర్డు మీదికి తేవడం, సిగ్నల్ తీగల్ని కరెంటు తీగలకు దూరంగా జరపడం వంటి పనులతో చాలా సందర్భాల్లో ఆ మోత తగ్గుతుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, అయిదు నిమిషాల పాటు యాంప్లిఫయర్ ఎదుటే ఉండి గమనించాలి. వాల్వు నడిమధ్యన కనిపించే నారింజరంగు వెలుగు హీటరుది. పవర్ వాల్వుల్లో గాజు లోపలివైపు అంటుకున్నట్టు కనిపించే నీలికాంతి వల్ల ప్రమాదమేమీ లేదు. చుట్టూ ఉండే బూడిదరంగు రేకు, అంటే ప్లేటు, ఎర్రబారుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా స్విచ్ ఆపేయాలి. ఆ వాల్వులోంచి అదుపు లేకుండా కరెంటు పారుతోందన్నమాట. గాజు మీద వెండిపూతలా ఉండవలసిన మచ్చ పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడినట్టే, ఆ వాల్వు ఇక పనికిరాదు.

కొన్ని యాంప్లిఫయర్లు బయాస్‌ను, అంటే పాట లేనప్పుడు పవర్ వాల్వులోంచి ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరికను, తామే సర్దుకుంటాయి. సర్దవలసినవాటిలో తయారీదారు ఛాసిస్ బయట కొలత బిందువులు ఇచ్చివుంటేనే ఈ పని ఇంట్లో చేయాలి. స్పీకర్లు తగిలించి, పాట వేయకుండా, 20 నుంచి 30 నిమిషాలు వేడెక్కనిచ్చి మల్టీమీటరుతో చూడాలి. వాల్వులో ఎలక్ట్రాన్లు వెలువడే భాగమైన కేథోడ్ దారిలో 1 ఓమ్ రెసిస్టరు ఉంటే 40 మిల్లీవోల్టులు కనిపించడమంటే 40 మిల్లీయాంపియర్లు పారుతున్నాయని అర్థం. రెసిస్టరు 10 ఓమ్‌లదైతే అదే కరెంటుకు 400 మిల్లీవోల్టులు చూపిస్తుంది. ప్లేటు మీద 430 వోల్టులున్న ఈఎల్34లో 40 మిల్లీయాంపియర్లంటే సుమారు 17 వాట్లు, ఆ వాల్వు భరించగల 25 వాట్లలో 70 శాతానికి కాస్త తక్కువ. మాన్యువల్ చెప్పిన అంకెను దాటించి బయాస్ పెంచితే ధ్వనిలో వచ్చే లాభం స్వల్పం, వాల్వు ఆయుష్షులో పోయేది ఎక్కువ.

ఛాసిస్ అడుగు మూత విప్పకపోవడమే ఉత్తమం. లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లలో అది నిలిచివుండవచ్చు. 450 వోల్టులకు నిండిన 100 మైక్రోఫారడ్ కెపాసిటరులో సుమారు 10 జౌళ్ల శక్తి ఉంటుంది, ప్రాణం తీయడానికి అది చాలవచ్చు. దాన్ని ఖాళీ చేయవలసిన రెసిస్టరు ఎప్పుడో కాలిపోయి ఉంటే బయటికి ఏ ఆనవాలూ కనిపించదు. లోపలి పని అధిక వోల్టేజి మీద పనిచేసిన టెక్నీషియనుకే వదిలేయాలి.

రోజువారీ వాడకంలో స్విచ్‌ను ఆపిన వెంటనే మళ్లీ వేయకుండా మధ్యలో కొన్ని నిమిషాలు ఆగాలి. వినని వేళ ఆన్‌లో వదిలేయడం వృథా, మనుషులు లేని ఇంట్లోనైతే ప్రమాదం కూడా. పవర్ వాల్వులు సాధారణంగా కొన్ని వేల గంటలు పనిచేస్తాయి, చిన్న వాల్వులు అంతకన్నా ఎక్కువకాలం నిలుస్తాయి. ఒక ఛానెల్‌లో చిటపటలు వినిపిస్తే, యాంప్లిఫయర్ ఆపి చల్లారాక రెండు ఛానెళ్ల చిన్న వాల్వుల్ని అటువి ఇటు, ఇటువి అటు మార్చి చూస్తే చాలు. చిటపట కూడా అవతలి వైపుకు మారితే దోషం ఆ వాల్వుదే. వాల్వును తీసేటప్పుడు అడుగుభాగం పట్టుకుని, కొద్దికొద్దిగా కదుపుతూ నిటారుగా పైకి లాగాలి. పవర్ వాల్వులు మార్చవలసి వస్తే జత కుదిర్చినవి కొని, వెంటనే బయాస్ సరిచూసుకోవాలి.

ఏళ్ల తరబడి అటక మీద ఉండిపోయిన యాంప్లిఫయర్‌ను పనిచేస్తుందో లేదో చూద్దామని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఒక్కసారిగా వచ్చే వోల్టేజికి పగలవచ్చు. సిగ్నల్‌ను మాత్రమే పంపి డీసీని ఆపవలసిన కప్లింగ్ కెపాసిటరు లీకవుతుంటే, అది వాల్వులో కరెంటును అదుపు చేసే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజిని పంపి, మంచి వాల్వుల ప్లేట్లను కూడా ఎర్రబారేలా చేస్తుంది. అలాంటిదాన్ని టెక్నీషియన్ పరీక్షించి, పోయిన కెపాసిటర్లు మార్చి, సరఫరా వోల్టేజిని క్రమంగా పెంచుతూ నడిపి చూసిన తరువాతనే ఇంట్లోని స్పీకర్లకు తగిలించాలి.