కారులో పాట – 5వ పాఠం: వెనక స్పీకర్లు, దానికి ముందు ఒక పాత బాకీ

ఈ పాఠాన్ని వెనక స్పీకర్ల ఎంపికతో మొదలుపెట్టాలని అనుకున్నాను. కుదరలేదు. నాలుగో పాఠం చదివి ముందు తలుపుల్లో కొత్త స్పీకర్లు బిగించుకున్నవారిలో చాలామంది ఒకే ఫిర్యాదు రాశారు: "పాత కంపెనీ స్పీకర్లే నయం, బేస్ పోయింది." ఒకరైతే కొన్న జతను తిరిగి దుకాణానికి పట్టుకెళ్లి గొడవ పెట్టుకున్నారట. స్పీకర్ తప్పేమీ లేదు, దుకాణదారు తప్పు అసలే లేదు. ఆ పాఠంలో స్పీకర్ తీగల గురించి "నల్ల గీత ఉన్న తీగ మైనస్" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. తప్పు నాది.

ఆ వాక్యం బయట కొన్న స్టీరియోతో వచ్చే తీగల గుత్తికి మాత్రమే వర్తిస్తుంది. అందులో తెలుపు ముందు ఎడమకు, బూడిద రంగు ముందు కుడికి, ఆకుపచ్చ వెనక ఎడమకు, ఊదా వెనక కుడికి. ఒక్కొక్క రంగుకూ నల్ల గీత ఉన్న జోడీ ఒకటి ఉంటుంది, అది మైనస్. ఇక కారు ఒంట్లో పరుగెత్తే తీగల రంగులు ఆ కారు తయారు చేసినవారి ఇష్టం. బజారులో మీటర్ల లెక్కన కోసిచ్చే జంట తీగకు ఒక పక్క గీత ఉందంటే అది గుర్తు మాత్రమే. దాన్ని ప్లస్ అనుకుంటారో మైనస్ అనుకుంటారో మీ ఇష్టం, రెండు చివరలా ఒకటే అనుకుంటే చాలు. చాలామంది ఒక తలుపులో ఒక రకంగా, రెండో తలుపులో మరో రకంగా అనుకున్నారు.

అలా చేస్తే ఒక స్పీకర్ గాలిని నెట్టే క్షణంలోనే రెండోది లాగుతుంది. ఒకరు తోడుతుంటే ఇంకొకరు పూడ్చినట్టు. హెచ్చు స్వరాల్లో ఇది అంతగా తెలియదు. గొంతు వినిపిస్తుంది గానీ ఎక్కడినుంచి వస్తోందో తేలదు, తల చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. బేస్ మాత్రం దాదాపు మాయమవుతుంది. ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే స్పీకర్లు మరింత గట్టిగా కొట్టుకుంటాయి తప్ప లాభం లేదు.

పరీక్ష చేసి చూద్దాం. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు ఒకటి, సాయానికి ఒక మనిషి కావాలి. స్టీరియో వెనక కనెక్టర్ ఊడదీయండి. స్టీరియోకు తగిలి ఉన్న తీగల మీద సెల్లు ఎప్పుడూ పెట్టకూడదు. తలుపు ప్యాడ్ తీసి, ఒకరు స్పీకర్ కోన్ (ముందు కనిపించే, కదిలే గరాటు లాంటి భాగం) మీద మధ్యకు కాస్త ఇవతలగా వేలి కొసను తేలిగ్గా ఆనించి కూర్చోవాలి. రెండోవారు స్టీరియో దగ్గర ఆ స్పీకర్ తాలూకు తీగలకు సెల్లును ఒక్క క్షణం తాకించి తీసేయాలి: మీరు ప్లస్ అనుకుంటున్న తీగకు సెల్లు ప్లస్, మైనస్ అనుకుంటున్నదానికి మైనస్. 'టక్' మంటుంది. ఆ శబ్దాన్ని నమ్మకండి, తీగలు తిరగబడినా అదే శబ్దం వస్తుంది. కోన్ బయటికి పొడిచిందా, లోపలికి గుంజుకుందా అన్నది వేలికే తెలుస్తుంది. బయటికి వస్తే సరైనదే. లోపలికి పోతే ఆ జత తీగలు తారుమారు చేసి, మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి అంటించండి. ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకర్) కదలలేదని కంగారు పడకండి, దాని దారిలో సెల్లు కరెంటును ఆపే కెపాసిటర్ ఉంటుంది.

ఇప్పుడు వెనక స్పీకర్లు కూడా చేరబోతున్నాయి కాబట్టి ఇదే పొరపాటు ఇంకో వేషంలో వస్తుంది. నన్ను అన్నిటికంటే విసిగించేది ఇదే, అందుకే కొంచెం సాగదీస్తాను. నాలుగూ తిరగబడితే ఏమీ కాదు, అందరూ ఒకేసారి తోడుతున్నారు, ఒకేసారి పోస్తున్నారు. ఒక్కటే తిరగబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. వెనక జత మొత్తం, ముందు జతకు ఎదురు తిరిగితేనే చిక్కు. ముందు రెండూ చక్కగా పాడతాయి. ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే మీట) పూర్తిగా వెనక్కి తిప్పితే వెనక రెండూ చక్కగానే పాడతాయి. నాలుగూ కలిపితే బేస్ చప్పబడుతుంది. అప్పుడు మనిషి ఏమనుకుంటాడు? "వెనకవి నాసిరకం" అనుకుంటాడు. వాటిని తీసేసి ఇంకా ఖరీదైనవి తెస్తాడు, అవే తీగలకు అలాగే బిగిస్తాడు. మూడు జతలు మార్చిన మనిషిని నేను చూశాను. నాలుగోసారి నా దగ్గరికి వస్తే రెండు క్లిప్పులు తారుమారు చేసి పంపాను. డబ్బులు తీసుకోలేదు, ఆయన ముఖం చూసి.

దీనికి నా అడ్డదారి ఒకటుంది. ఏదైనా బేస్ బలంగా ఉన్న పాట పెట్టి, ఫేడర్‌ను పూర్తిగా ముందు నుంచి మధ్యకు మెల్లగా జరపండి. బేస్ పెరిగితే సరే. తగ్గితే వెనక జత తిరగబడింది. ఇది దాదాపు ఎప్పుడూ నిజమే చెబుతుంది. 'దాదాపు' ఎందుకంటే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. సెడాన్‌లో డ్రైవరు చెవికి ముందు తలుపు స్పీకర్లు సుమారు ఒక మీటరు దూరంలో, వెనక అద్దం కిందివి 1.8 మీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. తేడా 0.8 మీటర్లు. గాలిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు కాబట్టి 215 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా సరిగ్గా సగం అల అవుతుంది. తీగలన్నీ సరిగా ఉన్నా అక్కడ ముందుదీ వెనకదీ కొంత కొట్టుకుపోతాయి. గొంతులో నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. 60 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 5.7 మీటర్లు, అంత చిన్న తేడా దాన్ని కదిలించలేదు. కాబట్టి బేస్ పెరిగి గొంతు కాస్త పలచబడితే తీగల జోలికి పోకండి, వెనక శబ్దం తగ్గించండి.

ఇక ఎంపిక. నా దగ్గర వంద రూపాయలుంటే డెబ్బై ముందు స్పీకర్లకే పెడతాను. వెనక తలుపుల్లో కంపెనీ వదిలిన చోటు సాధారణంగా ఆరున్నర అంగుళాలది ఉంటుంది. అందులో ట్వీటర్ కలిసే ఉన్న కోయాక్సియల్ జత చాలు. పట్టుగుడ్డ గుమ్మటం ఉన్న ట్వీటర్ నాకిష్టం, లోహపు ట్వీటర్లు చెవి పక్కన కూర్చుని గీరుతాయి. వెనక కూర్చునేవారి చెవికి ఆ స్పీకర్ ఎంత దగ్గరో చూస్తే మీకే తెలుస్తుంది. కొనేముందు అద్దం పూర్తిగా కిందికి దించి లోపల ఎంత లోతు మిగిలిందో స్కేలుతో కొలవండి. అయస్కాంతం అద్దానికి తగిలాక కొలిచి లాభం లేదు.

వాట్ల గురించి ఒక్క మాట. స్టీరియో డబ్బా మీద 50 వాట్లు, నాలుగు చానళ్లు అని ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు అందే 14.4 వోల్టులతో, విడి యాంప్లిఫయర్ లేకుండా, 4 ఓముల స్పీకర్‌కు శుభ్రంగా అందేది ఒక్కో చానల్‌కు 20 వాట్ల చుట్టూనే. కాబట్టి స్పీకర్ డబ్బా మీద 250 వాట్లు అన్న అంకె వదిలేసి సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కు ఎంత గట్టిగా పలుకుతుందన్న అంకె, చూడండి. 89 డెసిబెల్ ఉన్నదానికీ 92 ఉన్నదానికీ మధ్య తేడా, స్టీరియో సత్తువ రెట్టింపు చేసినంత. ఇందులోనే ఒక చిక్కూ ఉంది: ముందు 89, వెనక 92 కొంటే, ఫేడర్ మధ్యలో ఉన్నా పాట వెనక నుంచే వస్తుంది.

హ్యాచ్‌బ్యాక్ డిక్కీ మీది అట్ట ట్రేకి రంధ్రాలు కోసి 6×9 అంగుళాల ఓవల్ స్పీకర్లు పెట్టాలా అని పదిమందికి పైగా అడిగారు. వద్దు. సెడాన్‌లో వెనక రేకు కింద మూసిన డిక్కీ ఉంటుంది, స్పీకర్ వెనక వైపు గాలి ముందుకు రాదు. హ్యాచ్‌బ్యాక్ ట్రే చుట్టూ సందులే. వెనక గాలి వచ్చి ముందు గాలిని తినేస్తుంది, పైగా ట్రే గిలకలా కొట్టుకుంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే బరువైన రెండు అయస్కాంతాలు వెనక కూర్చున్నవారి మెడ మీదికి వస్తాయి. తలుపుల్లోవీ ట్రేలోవీ కలిపి ఒకే వెనక చానల్‌కు తగిలిద్దామనీ అనుకోకండి. రెండు 4 ఓములు పక్కపక్కన కలిస్తే 2 ఓములే, స్టీరియో వేడెక్కి నోరు మూస్తుంది.

సమతూకానికి కొత్త పాట కంటే ఘంటసాల కాలం నాటి పాట పనికొస్తుంది. అప్పటి సినిమా పాటలు మోనోలో ఉన్నాయి, ఎడమకూ కుడికీ ఒకే గొంతు. స్టీరియోలోకి మార్చి అమ్మేవి కాదు, అసలు మోనోవే వెతుక్కోండి. లౌడ్‌నెస్ (చిన్న శబ్దంలో బేస్ పెంచే మీట) ఆపేసి, ఈక్వలైజర్ సున్నాకు తెచ్చి, అద్దాలు ఎత్తి, ఫేడర్ పూర్తిగా ముందుకు పెట్టి డ్రైవరు సీట్లో కూర్చోండి. గొంతు డ్యాష్‌బోర్డు మీద ఒకచోట నిలబడాలి. ఇప్పుడు ఫేడర్‌ను ఒక్కో గీత వెనక్కి జరపండి. మొదట పాట కాస్త విశాలమవుతుంది, తరువాత ఒక గీత దగ్గర గొంతు భుజం మీదికి జారుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లో ఇది త్వరగానే జరుగుతుంది, ఎందుకంటే వెనక కుడి తలుపు స్పీకర్ మీ చెవికి ముందు ఎడమ స్పీకర్ కంటే దగ్గర. జారిన గీత నుంచి రెండు గీతలు ముందుకు వచ్చి ఆగండి. విడి యాంప్లిఫయర్ ఉంటే ఇదంతా దాని గెయిన్‌తో (శబ్దం స్థాయి సర్దే మీటతో) చేసి, ఫేడర్ మధ్యలో వదలండి. వెనక జతకు 100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది స్వరాలను ఆపేది) పెడతాను, నాకు అలవాటు.

వెనక జతను ఆలస్యం చేసే వీలున్న స్టీరియో అయితే ఇంకా మేలు. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే, మొదట చెవిని చేరినదాని వైపే శబ్దం ఉందని మెదడు తీర్మానించుకుంటుంది. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949 నాటి తన పరిశోధనలో పరీక్షించి చూపింది ఈ సంగతే. 34 సెంటీమీటర్లు దాటడానికి శబ్దానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. కొన్ని స్టీరియోలు ఎంత ఆలస్యం కావాలని అడుగుతాయి, కొన్ని స్పీకర్ ఎంత దూరంలో ఉందని అడుగుతాయి. రెండో రకంలో వెనకవాటికి అంకె తగ్గిస్తేనే ఆలస్యం పెరుగుతుంది. ఇది మరిచి తలకిందులుగా పెట్టి, మళ్లీ నాకే రాస్తారు, నాకు తెలుసు.

అభ్యాసం: నాలుగు సీట్లలో నలుగురిని కూర్చోబెట్టండి. బండి ఆగి ఉండాలి, అందరికీ కళ్లకు గంతలు. మోనో పాట పెట్టి, గొంతు ఎక్కడ నిలబడిందో ఒక్కొక్కరిని వేలితో చూపమనండి, మీరు కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఫేడర్ ఐదు స్థానాల్లో, మొత్తం ఇరవై గుర్తులు. తరువాత వాళ్లకు చెప్పకుండా వెనక జత తీగలు తారుమారు చేసి మళ్లీ ఇరవై. మధ్యలో పావుగంటకోసారి ఇంజను ఆడించండి, లేకపోతే బండి తోసుకుంటూ ఇంటికి వెళ్లాలి. ఆ నలభై గుర్తులూ నాకు పంపినవారికే ఆరో పాఠంలో సబ్‌వూఫర్ (బేస్ మాత్రమే పలికే పెద్ద స్పీకర్) గురించి జవాబులిస్తాను.